పేరు కొట్టేసే ముందు ఒకసారి ఇంటికి వెళ్లండి

(సమాఖ్య వార్షికోత్సవ సభలో, ఈ ఏడు ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయులుగా చేరబోతున్న మన యువతీ యువకులను సన్మానించిన సందర్భంగా, కాంచీపురం ప్రాంతపు చేనేత సహకార సంఘం కార్యదర్శి ఒకరు చేసిన ప్రసంగ పాఠం)

  ఈ ముందు వరసలో కూర్చున్న కొత్త టీచర్లకు నమస్కారం. మీరు వయసులో నా పిల్లల వంటివారు. అయినా టీచరుకు ముందుగా నమస్కారం పెట్టడం నాకు చిన్నప్పటి నుంచి అలవాటు.

నేను చదివింది ఎనిమిదో తరగతి. సంఘంలో చీరల స్టాకు, కూలి లెక్క, పట్టు తూకం, జరీ తూకం గురించి అడిగితే గంటసేపు చెప్పగలను. కొత్త టీచర్లకు నాలుగు మాటలు చెప్పమని మన పెద్దలు నన్ను పిలిచారు. "ఎనిమిది చదివినవాడు టీచర్లకేం చెబుతాడు అన్నా?" అని అడిగాను. "నీ కూతురు నిరుడే టీచరుగా చేరింది కదా, ఆ సంగతులు చెప్పు" అన్నారు. అందుకని నిలబడ్డాను. నాకు తెలిసినవి చెబుతాను. తప్పు ఉంటే మన్నించండి.

మా చిన్న కూతురు టీచరు ట్రైనింగు చేసి, అర్హత పరీక్ష పాసయి, కొన్నేళ్లు ఎదురుచూసింది. నిరుడు ఆర్డరు వచ్చింది. మా ఊరికి బస్సులో ముప్పావుగంట దూరంలో ఒక నేత ఊరు. సగం ఇళ్లలో తెలుగు, సగం ఇళ్లలో తమిళం. ఆర్డరు చేతికి రాగానే మా అమ్మాయి బజారుకు పోయి రంగు కాగితాలు, చార్టులు, బంక సీసాలు, స్కెచ్ పెన్నులు సంచి నిండా తెచ్చింది. వారం రోజులు రాత్రిపూట కూర్చుని సీతాకోకచిలుకలు, మామిడిపళ్లు, అంకెలు కత్తిరించింది. చూడముచ్చటగా ఉన్నాయి.

నేను అడిగాను: "అమ్మా, నీ తరగతిలో పిల్లలెంతమంది?"

"ఇంకా తెలియదు నాయనా."

"వాళ్ల ఇళ్లలో ఏ భాష మాట్లాడతారు?"

"పోతే తెలుస్తుంది."

"ఆ గదిలో బోర్డు ఏ పక్క ఉంది?"

అమ్మాయికి కోపం వచ్చింది. "నువ్వేమో సొసైటీ ఆడిట్ చేసినట్టు అడుగుతున్నావు" అంది.

నేను ఆడిట్ కోసం అడగలేదు. మన పనిలో మనకు తెలిసిన సంగతే అడిగాను. ఇక్కడున్న వాళ్లందరూ నేత ఇళ్లవాళ్లే. చీర నేయడానికి ముందు ఎంత పని ఉందో మీకు తెలుసు. పట్టును ఉడికించి జిగురు తీయాలి. రంగు వేయాలి. రాట్నం మీద చుట్టాలి. ఆసు పోయాలి. తెల్లవారుజామున వీధిలో పడుగు చాచి గంజి పెట్టాలి. ఆ తరవాత కొత్త పడుగు దారాలను పాత పడుగు కొసలకు ఒక్కొక్కటిగా అతకాలి. వేల దారాలు. ఒకటి తప్పిందంటే చీర మొత్తం ఆ గీత కనిపిస్తూనే ఉంటుంది. ఇదంతా అయ్యాక గాని నాడె చేత పట్టము. జరీ బుటా ఎంత అందంగా ఉన్నా అతుకు సరిగా లేని పడుగు మీద అది నిలవదు. మా అమ్మాయి చార్టులు జరీ బుటాల వంటివి. అవీ కావాలి. కాని ముందు పడుగు సంగతి చూడాలి. బడిలో పడుగు ఏది? ఆ పిల్లలే. ఒక్కొక్క దారం చేత్తో పట్టి చూడాలి.

మే నెలలో ఒకరోజు నేనూ అమ్మాయీ బస్సెక్కి ఆ ఊరికి పోయాము. హెడ్మాస్టరు గారు మంచివారు, సెలవుల్లో కూడా వచ్చి గది తెరిచారు. మూడు తరగతులకు ఒక గది, మరి రెండు తరగతులకు ఇంకో గది. ఇద్దరు టీచర్లు. 60 మంది లోపు పిల్లలున్న చోట ఇద్దరు టీచర్లు ఉండాలని చట్టంలో ఉంది, అంటే చాలా పల్లెల్లో ఒక్కో టీచరు రెండు మూడు తరగతులను కలిపి చూడవలసిందే. మీలో చాలామందికి ఇదే ఎదురవుతుంది. ఒక తరగతికి చెబుతున్నప్పుడు తక్కిన తరగతులకు చేతిలో ఏదో ఒక పని ఉండాలి. అది ముందురోజు రాత్రే అనుకుని పెట్టుకోవాలి. అప్పటికప్పుడు దొరకదు.

ఆ గదిలో మేము చూసినవి చెబుతాను. ఉదయం పది గంటల ఎండ కిటికీలోంచి నేరుగా బోర్డు కుడిభాగం మీద పడుతుంది. అక్కడ రాసింది వెనక కూర్చున్న పిల్లలకు కనిపించదు. నీళ్ల కుళాయి ఎత్తులో ఉంది, ఒకటో తరగతి పిల్లకు చెయ్యి అందదు. మరుగుదొడ్డి తలుపు గడియ లోపల ఊడిపోయింది. ఇవి చిన్న సంగతులని అనుకోకండి. గడియ లేదని సిగ్గుపడి నీళ్లు తాగకుండా కూర్చునే ఆడపిల్ల చదువు మీద ఏం మనసు పెడుతుంది? కుళాయి కింద వేయడానికి ఒక రాయి, తలుపుకు ఒక గడియ. మొత్తం రెండు వందల రూపాయల లోపల పని. చార్టుల ఖర్చుకన్నా తక్కువ.

తరవాత భోజనం వండే ఆయా వచ్చింది. ఆమె పాతికేళ్లుగా అక్కడే వండుతోంది. మా అమ్మాయి ఆమె దగ్గర కూర్చుని గంటసేపు మాట్లాడింది. ఎవరి తల్లి లేదు, ఎవరు అవ్వ దగ్గర ఉన్నారు, ఏ పిల్లవాడు గుడ్డు తినడు, ఏ పిల్ల అన్నం చెల్లెలి కోసం దాచుకుంటుంది, అన్నీ ఆమెకు తెలుసు. రిజిస్టరులో ఇవేవీ లేవు. మీరు ఏ బడిలో చేరినా, చేరకముందే అక్కడి వంట మనిషి దగ్గర, ఊడ్చే మనిషి దగ్గర కూర్చోండి. "అక్కా, పిల్లల గురించి చెప్పు" అనండి. వాళ్లను ఎవరూ అడగరు. అడిగితే చాలా చెబుతారు.

ఇక జూన్ వచ్చింది, బడి తెరిచారు. మొదటిరోజు హాజరు పిలిచింది. మా పక్క పిల్లలు "ఉళ్ళేన్ టీచర్" అని చెయ్యెత్తాలి. ఒక పిల్ల పేరు మూడుసార్లు పిలిచింది. పలుకు లేదు. రాలేదని గీత పెట్టబోయింది. ఇంతలో వెనకనుంచి ఒక పిల్లవాడు, "టీచర్, అది పాపా, ఇక్కడే ఉంది" అన్నాడు. ఆ పిల్లను ఇంట్లో పుట్టినప్పటినుంచి పాపా అనే పిలిచారు. రిజిస్టరులో ఉన్న పెద్ద పేరు తనదేనని ఆమెకు తెలియదు. ఆరోజు ఇంటికి వచ్చి మా అమ్మాయి ఒక నోటుబుక్కు తీసింది. ఒక్కో పిల్లకు ఒక్కో పేజీ. బడి పేరు, ఇంటి పేరు, ఇంట్లో మాట్లాడే భాష, ఎవరితో ఉంటుంది, ఏమి తెలుసు, ఏమంటే భయం. మా సొసైటీలో ప్రతి నేతగానికి ఒక పేజీ ఉంటుంది కదా, అదే లెక్క. మీరూ అలాంటి నోటుబుక్కు ఒకటి కొనుక్కోండి. మొదటి ఏడాదికి అంతకన్నా మంచి పెట్టుబడి లేదు.

భాష సంగతి మాట్లాడాలి. మనవాళ్లు ఎన్నో తరాల క్రితం మగ్గంతో సహా వలస వచ్చాము. ఇంట్లో తెలుగు, బయట ఆ ఊరి భాష. మాకు తమిళం, సోలాపూరు వాళ్లకు మరాఠీ, బళ్లారి వాళ్లకు కన్నడం, బరంపురం వాళ్లకు ఒడియా. యానాంలో ఊరంతా తెలుగే కాబట్టి వాళ్లకు ఈ ఇబ్బంది లేదు. తమిళనాడులో 2006 చట్టం తరవాత బళ్లలో తమిళం తప్పనిసరి. తమిళం మనకు అన్నం పెట్టిన భాష, బాగా నేర్చుకోవాలి, అందులో వాదం లేదు. కాని ఆరేళ్ల పిల్ల మొదటిరోజు "నీళ్లు" అని అడిగితే, "తమిళంలో చెప్పు" అని నిలబెట్టకండి. ముందు నీళ్లివ్వండి. తరవాత "తన్నీర్" అని చెప్పండి. చిన్న తరగతుల్లో తల్లిభాషలో చెప్పే వసతి కల్పించాలని మన రాజ్యాంగంలో 350-ఏ అధికరణంలోనే ఉంది, 1956లో చేర్చారు. విద్యాహక్కు చట్టం కూడా వీలైనంతవరకు తల్లిభాషలో చెప్పమనే అంటుంది. మీకు తెలుగు వచ్చు. అది ఆ పిల్లకు మీరు ఇవ్వగలిగిన మొదటి ధైర్యం. తమిళ పిల్లలున్నా, ఉర్దూ పిల్లలున్నా ఇదే మాట. వాళ్ల భాషలో పది మాటలు నేర్చుకోండి. నీళ్లు, ఆకలి, నొప్పి, భయం, అమ్మ, రేపు. ఈ ఆరు వచ్చినా చాలు, మొదటి నెల గడిచిపోతుంది.

రెండోది, మొదటి రెండు వారాలు పాఠం కోసం తొందరపడకండి. వరసలో ఎలా నిలబడాలి, పలకలు ఎక్కడ పెట్టాలి, నీళ్లకు ఎలా పోవాలి, ఎవరికైనా పని ముందుగా అయిపోతే ఏం చేయాలి, ఇవే నేర్పండి. కట్టుబాట్లు మూడు నాలుగు చాలు. ఇరవై పెడితే మీకే గుర్తుండవు. ఒకటి నుంచి అయిదు తరగతులకు ఏడాదికి 200 పనిదినాలుండాలని చట్టం. అందులో పది రోజులు అలవాట్లకు పోతే తక్కిన 190 రోజులు మీ గొంతు నిలుస్తుంది. టీచరు వారానికి 45 గంటలు పనిచేయాలని కూడా అదే చట్టంలో ఉంది, అందులో పాఠం తయారుచేసుకునే గంటలూ కలిసే ఉన్నాయి. అంటే తయారీ కూడా పనే. అది దొంగతనంగా చేసే పని కాదు.

మూడోది, పిల్లవాడు ఏ తరగతిలో ఉన్నాడో దాన్నిబట్టి కాదు, ఎక్కడ ఆగాడో అక్కడ మొదలుపెట్టండి. కరోనా కాలంలో బళ్లు మూసేశాక మూడో తరగతికి వచ్చినా అక్షరాలు రాని పిల్లలను మనమందరం చూశాము. 2021లో దేశమంతటా నిపుణ్ భారత్ పెట్టారు, ఆ లోటు తీర్చడానికే 2022లో తమిళనాడులో ఎణ్ణుమ్ ఎళుత్తుమ్ పెట్టారు. అందులో పిల్లలను అరుంబు, మొట్టు, మలర్ అని మూడు గుంపులు చేస్తారు. చిగురు మొగ్గ, మొగ్గ, పువ్వు అని అర్థం. నాకా పేర్లు నచ్చాయి. మొద్దు, చురుకు అని అనలేదు. మొగ్గను ఎవరూ తిట్టరు కదా. మీరూ ఆ మూడు పేర్లనే మనసులో పెట్టుకోండి.

నాలుగోది, కొట్టవద్దు. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ప్రకారం కొట్టడమే కాదు, మాటలతో మనసు నొప్పించడం కూడా తప్పే. ఈ చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. చట్టం తెలియని టీచరు లేరు. కాని మొదటి ఏడాది, ఆగస్టు నెలలో, గొంతు పోయి, కాళ్లు వాచి, రిజిస్టర్లు పూర్తికాక, పై అధికారి వస్తారని తెలిసిన రోజున ఏమవుతుందో అది చూసుకోవాలి. మా అమ్మాయికీ అలాంటి రోజు వచ్చింది. ఒక మూడో తరగతి పిల్లవాడు రోజూ తరగతిలో నిద్రపోయేవాడు. ఆరోజు అందరి ముందూ గట్టిగా అరిచింది. "ఇంట్లో పడుకోవడానికి చోటు లేదా?" అంది. పిల్లలందరూ నవ్వారు. వాడు నవ్వలేదు. మర్నాడు రాలేదు. ఆ తరవాతి రోజూ రాలేదు.

ఆ రాత్రి మా అమ్మాయి అన్నం తినలేదు. నాతో చెప్పింది. అప్పుడు నేను ఇంతవరకు మా ఇంట్లో ఎవరికీ చెప్పని రెండు సంగతులు చెప్పాను. అవే ఈరోజు మీకూ చెబుతాను. అసలు నేను ఇక్కడ నిలబడింది ఇందుకే.

మొదటిది నా సంగతి. నేను మూడో తరగతిలో ఉన్నప్పుడు మా నాయన నన్ను బడి మాన్పించాలని చూశాడు. కంచి చీరలో ఒంటికి ఒక రంగు, అంచుకు ఒక రంగు వేసి రెండిటినీ కలిపి నేసే కోర్వై పని మీకు తెలుసు. మూడు నాడెలు ఆడాలి. పక్కన కూర్చుని అంచు నాడె అందించడానికి ఒక చెయ్యి కావాలి. పెద్దవాళ్లను పెడితే కూలి ఇవ్వాలి. చిన్న చెయ్యి అయితే కూలి అక్కరలేదు. నేను నాలుగు రోజులు బడికి పోలేదు. అయిదో రోజు సాయంత్రం మా టీచరమ్మ ఇంటికి వచ్చింది. ఆమె తమిళురాలు, తెలుగు అంతంతమాత్రం. మగ్గం గుంట పక్కన నేల మీద కూర్చుంది. మా అమ్మ ఇచ్చిన కాఫీ తాగింది. మా నాయనను ఒక్క మాట అనలేదు. "మీ అబ్బాయి లెక్కలు బాగా చేస్తాడు. రేపు మీ కూలి లెక్క వీడే చూస్తాడు" అని వచ్చీరాని తెలుగులో చెప్పి వెళ్లిపోయింది. మర్నాడు మా నాయన నన్ను బడికి పంపించాడు. మధ్యాహ్నం బడిలో అన్నం పెట్టేవాళ్లు, 1956లో కామరాజ్ గారు మొదలుపెట్టిన పథకం అది. ఆ అన్నమూ ఒక కారణమే. కాని ఆ టీచరమ్మ రాకపోయి ఉంటే ఆ అన్నం దాకా నేను పోయేవాణ్ణి కాదు. ఆమె ఒక్కసారి రావడం వల్ల నాకు మూడు నుంచి ఎనిమిది దాకా అయిదేళ్ల చదువు దొరికింది. ఆ అయిదేళ్ల చదువే నన్ను సంఘంలో గుమాస్తాను చేసింది, కార్యదర్శిని చేసింది.

తొమ్మిదో తరగతికి వేరే బడికి వెళ్లాను. రెండు నెలలకే మా నాయనకు ఒంట్లో బాగా లేక మళ్లీ మగ్గం దగ్గర కూర్చున్నాను. ఈసారి ఎవరూ రాలేదు. వారం చూశాను. రెండు వారాలు చూశాను. వీధిలో ఎవరి అడుగు చప్పుడైనా తల ఎత్తి చూసేవాణ్ణి. నెల అయ్యాక నాతో చదివిన పిల్లవాడు వచ్చి, "నీ పేరు కొట్టేశార్రా" అని చెప్పాడు. అంతే. ఆ బడి పేరు, వాళ్ల పేరు చెప్పను. వాళ్లకు పిల్లలెక్కువ, పని ఎక్కువ. తప్పు పట్టడం లేదు. కాని ఎర్ర సిరాతో ఒక గీత గీయడానికి ఎంతసేపు పడుతుందో, అది ఎన్నేళ్లు ఉంటుందో మీకు తెలియాలి.

రెండోది నా తప్పు. ఇది చెప్పడానికి సిగ్గుగా ఉంది, అయినా చెబుతాను. నాకు పాతికేళ్లు నిండే నాటికి సొంతంగా మగ్గం వేశాను. అంచు నాడె అందించడానికి నేనూ ఒక పిల్లవాణ్ణి పెట్టుకున్నాను. పక్క వీధి పిల్లవాడు, పదేళ్లు. వాళ్లమ్మకు మూడు వందలు అడ్వాన్సు ఇచ్చాను. ఆ రోజుల్లో మా పక్క అదే వాడుక, అందరూ చేశారు, నేనూ చేశాను. వాడు నాలుగేళ్లు నా పక్కన కూర్చున్నాడు. బడి వదిలిపెట్టి వచ్చి కూర్చున్నాడు. నాకు చిన్నప్పుడు ఎవరో వచ్చి బడికి పంపించమన్నారని నేను మరిచిపోయాను. వాడి కోసం ఎవరూ రాలేదు. వచ్చి ఉంటే నేనేం చెప్పేవాణ్ణో నాకు తెలుసు. "ఇల్లు గడవద్దా టీచరమ్మా" అని ఉండేవాణ్ణి. ఆ తరవాత 1986లో బాలకార్మిక చట్టం వచ్చింది. నేత కూడా అందులో ఉంది. అయినా చాలా ఏళ్లు ఈ వాడుక పోలేదు.

ఆ పిల్లవాడికి ఇప్పుడు యాభై దాటింది. మంచి పనివాడు. మా సంఘంలోనే సభ్యుడు. కూలి ఇప్పుడు బ్యాంకులో పడుతుంది కదా, పాసుబుక్కు తెచ్చి నా చేతికిచ్చి, "అన్నా, ఎంత పడింది చూడు" అంటాడు. ఓచరు మీద వేలిముద్ర వేస్తాడు. ఇంకు ప్యాడు వాడి ముందుకు జరిపేది నేనే. ఒక్కనాడు కూడా వాడు నన్నేమీ అనలేదు. అందుకే ఇంకా బాధ. పెద్దయ్యాక చదువు చెబుతానన్నాను. "ఇంకెందుకులే అన్నా" అని నవ్వాడు.

ఈ రెండు సంగతులు విని మా అమ్మాయి ఏమీ మాట్లాడలేదు. మర్నాడు బడి అయ్యాక ఆ పిల్లవాడి ఇంటికి వెళ్లింది. రాత్రి పది దాకా వాడు కండెలు చుడుతున్నాడట. తండ్రి కాలు విరిగి మంచం మీద ఉన్నాడు. తల్లి ఒక్కతే మగ్గం మీద ఉంది. మా అమ్మాయి వాడికి, "నిన్న కాదు మొన్న నేను అన్నది తప్పురా" అని చెప్పింది. వాళ్లమ్మకు చట్టం గురించి చెప్పలేదు. "వాడు చదువుతాడక్కా, కొంచెం ముందుగా పడుకోనివ్వండి" అని మాత్రం అంది. 2016లో చట్టం మార్చాక 14 ఏళ్ల లోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టకూడదు. ఇంటి పనిలో మాత్రం బడి అయ్యాక, సెలవుల్లో సాయం చేయవచ్చు అన్నారు. ఆ సాయం రాత్రి పది దాకా సాగితే అది మర్నాడు తరగతిలో నిద్ర అవుతుంది. ఈ సంగతి టీచరుకు తెలియాలి, అమ్మానాన్నలకూ తెలియాలి. వాడు మళ్లీ వచ్చాడు. ఇప్పటికీ ఒక్కో రోజు నిద్రపోతాడట. ముఖం కడుక్కుని రమ్మని పంపుతుంది. ఉదయం బడిలో టిఫిన్ పెడుతున్నారు, 2022 నుంచి వచ్చిన పథకం. దానికోసమైనా తొందరగా వస్తాడట. వాడు పెద్ద చదువు చదువుతాడో లేదో నేను చెప్పలేను. పేరు మాత్రం రిజిస్టరులో ఉంది.

కాబట్టి కొత్త టీచర్లకు నేను చెప్పేది ఇదే. చార్టులు కట్ చేయండి. పాఠం రాసుకోండి. కాని మీ మొదటి ఏడాది తయారీలో ఒక నియమం పెట్టుకోండి. ఏ పిల్ల అయినా వరసగా మూడు రోజులు రాకపోతే నాలుగో రోజు సాయంత్రం మీరు ఆ ఇంటి గడప దగ్గర ఉండాలి. ఫోను చేస్తే చాలదు. ఫోనులో "జ్వరమండీ" అంటారు. గడప దగ్గర నిలబడితే మగ్గం కనిపిస్తుంది, పిల్ల కూర్చున్న చోటు కనిపిస్తుంది. పోయినప్పుడు నేల మీద కూర్చోండి. కాఫీ ఇస్తే తాగండి. ముందు ఆ పిల్ల గురించి ఒక మంచి మాట చెప్పండి. మన ఇళ్లకు టీచరు వచ్చిందంటే ఏదో ఫిర్యాదు అని భయపడతారు. అందుకే వీలైతే మొదటి నెలలోనే, ఏ ఫిర్యాదూ లేనప్పుడే, అన్ని ఇళ్లకూ ఒకసారి పోయి రండి. అప్పుడు తరవాత వెళ్లినా తలుపు తెరుచుకుంటుంది. బడి నిర్వాహక కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది ఆడవాళ్లు ఉండాలి. ఆ తల్లులను పేరుకే కూర్చోబెట్టకుండా మాట్లాడనివ్వండి. ఏ ఇంట్లో ఏ పిల్ల ఆగిపోతుందో వాళ్లకు ముందే తెలుసు.

ఇంకొక్క మాట. ఆగస్టు 7 జాతీయ చేనేత దినం, 2015 నుంచి జరుపుతున్నారు. ఆరోజు మా అమ్మాయి ఒక పిల్ల తండ్రిని తరగతికి పిలిచింది. ఆయన నాడె, కండె, కొంచెం పడుగు తెచ్చి చూపించాడు. అంచులో ఎన్ని దారాలున్నాయో పిల్లల చేత పదులుగా లెక్కపెట్టించాడు. ఎప్పుడూ నోరు విప్పని ఆ పిల్ల ఆరోజు లేచి నిలబడి, "అది మా నాయన" అంది. లెక్కల పాఠానికి అంతకన్నా ఏం కావాలి? మీ బడిలో నేత పిల్లలు లేకపోతే కుండలు చేసేవారి పిల్లలుంటారు, పొలం పనివారి పిల్లలుంటారు. వాళ్ల అమ్మానాన్నలను పిలవండి.

మీ గురించి కూడా చూసుకోండి. నీళ్లు తాగండి. మెత్తటి చెప్పులు కొనుక్కోండి. పక్క గదిలో పాత టీచరును సిగ్గుపడకుండా అడగండి. మొదటి ఏడాది తప్పులు చేస్తారు. నా మొదటి చీరలో అంచు వంకర పోయింది. కొన్నవాళ్లు లేరు, మా అమ్మే కట్టుకుంది. తప్పు చేశాక మర్నాడు పోయి సరిదిద్దుకునే దారి మీకుంది. నాకు ఆ పాసుబుక్కు చూసినప్పుడల్లా ఆ దారి లేదని తెలుస్తుంది.

ఆయన మనవడు ఈ జూన్‌లో ఒకటో తరగతిలో చేరాడు. ఏ టీచరు దగ్గర కూర్చుంటాడో నాకు తెలియదు. మీవంటి వారే ఎవరో అయి ఉంటారు. ఆ టీచరు చేతిలో ఎర్ర పెన్ను ఉంటుంది. దాన్ని ఎత్తే ముందు ఒకసారి ఆ వీధికి రమ్మని చెప్పండి. మా ఇల్లు ఆ వీధి చివరే. నేను కూడా వెంట వస్తాను.